ఆంగ్లభాషలోని యాటమాటలు

ఆంగ్లము నేర్చుకొను విద్యార్థులు పెద్దమాటలను చూచి వెఱతురు. మా యనుభవమున వెఱవవలసినవి పెద్దమాటలు కావు. 'ఫిలాసఫీ', 'కాన్‌స్టిట్యూషన్' వంటి పెద్దమాటలు పెద్దమనుష్యుల వంటివి. ఒకపర్యాయము నిఘంటువు తెఱచి పరిచయము చేసికొన్నచో, మరల ఎక్కడ కనబడినను అదే ముఖముతో పలుకరించును. వేషములు మార్చునవి చిన్నమాటలు. 'గెట్', 'పుట్', 'హ్యాంగ్', 'మెస్' అనునవి ఒక్కొక్కటిగా చిన్న తరగతి పిల్లలకును తెలియును. 'అప్', 'ఔట్', 'ఆఫ్', 'అబౌట్' అనునవియు తెలియును. ఈ రెండు తెగలవారును జతకూడినపుడు పుట్టు బిడ్డ మాత్రము తల్లి పోలిక గాని తండ్రి పోలిక గాని లేక, వీథిలో నిలిచి మనలను వెక్కిరించును.

ఇట్టి జంటలకు 'ఫ్రేజల్ వెర్బు' అని పేరు. లోగన్ పియర్సల్ స్మిత్ అను విద్వాంసుడు 1925వ సంవత్సరమున ప్రకటించిన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అను గ్రంథమున ఈ పేరును వాడి, దానిని తనకు సూచించినవారు ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు సంపాదకులలో నొకరైన హెన్రీ బ్రాడ్లీగారని చెప్పెను. పేరు క్రొత్తదే కాని వస్తువు మిక్కిలి పాతది. మన వ్యాకరణ పుస్తకములలో వీనికి పట్టికలు గలవు. 'పుట్ ఆఫ్' అనగా వాయిదా వేయుట, 'లుక్ ఆఫ్టర్' అనగా కనిపెట్టి చూచుకొనుట, అని విద్యార్థులు వల్లించుచుందురు. ఆ పట్టికలలో నెక్కని తెగ యొకటి కలదు. ఊరక కూర్చుండుట, పనిలేక తిరుగుట, పని మాని యాడుట, తోటివారిని నవ్వించుటకై వెఱ్ఱివేషములు వేయుట, వీనిని దెలుపు మాటలవి. పరీక్షలో అడుగరు గనుక ఉపాధ్యాయులు చెప్పరు. మర్యాద చాలదని పాఠ్యపుస్తకములవారు వ్రాయరు. 32 సంవత్సరములు ఆంగ్లము బోధించిన మేమును చెప్పలేదు. ఇప్పుడు వ్రాయబూనుటకు కారణము, ఆ మాటలలో నొకదానిని తప్పుగా జదివి మేము ఒక యింటికి చేసిన యపకారము. దానిని తరువాత చెప్పెదము. ముందుగా మాటలను కొంత పరికింతము.

'సిట్' అనగా కూర్చుండుట. పాఠము వినుటకు కూర్చుండవచ్చును, భోజనమునకు కూర్చుండవచ్చును. దాని ప్రక్కన 'అబౌట్' చేర్పుడు. 'సిట్ అబౌట్' అనగా దేనికొఱకును గాక కూర్చుండుట యగును. 'స్టాండ్ అబౌట్' అనగా వీథి మొగమున ఊరక నిలుచుండుట. 'లై అబౌట్' అనగా నిద్రయు గాక మెలకువయు గాక పడియుండుట. బ్రిటిషువారు 'అబౌట్' అనుచోట అమెరికావారు 'అరౌండ్' అందురు. ఈ రెండవది ఇప్పుడు బ్రిటనులోను విరివిగా వినవచ్చుచున్నది. రెంటికిని చుట్టు అనియే యర్థము. ఇందలి చమత్కారము చూడుడు. ఏ క్రియకైనను ఒక గమ్యముండును. దాని మెడలో ఈ 'చుట్టు' అను చిన్నమాటను గట్టిన వెంటనే గమ్యము మాయమై, చేయుట మాత్రము మిగిలిపోవును. గుండ్రముగ పోవువాడు ఎక్కడికిని చేరడు గదా!

మన భాషలో నిట్టిది లేదని తలపవలదు. 'తిరుగు' అను మన క్రియను దీసికొనుడు. గానుగెద్దు తిరుగును. భూమి సూర్యుని చుట్టు తిరుగును. పనిలేనివాడు వీథులవెంట తిరుగును. ఒకే మాట. ఆంగ్లేయులు చుట్టును క్రియకు వెలుపల విడిగా నిలిపిరి, మనము క్రియ కడుపులోనే దాచితిమి. ఆ తిరుగుటనుండియే 'తిరుగుబోతు' పుట్టినాడు. అయితే ఒక భేదము గలదు. ఆంగ్లపు చుట్టునందు నింద స్వల్పము, ఒక్కొక్కప్పుడు శూన్యము. మన తిరుగుబోతునందు నిందయే తప్ప వేఱొండు లేదు. ఈ భేదమును మేము సకాలమున గుర్తించియుండిన బాగుండెడిది.

'ఆఫ్' అనునది యింకొక దారి త్రొక్కును. దానికి విడివడిపోవుట ప్రధానార్థము గనుక, చేయవలసిన పనినుండి జాఱిపోవుటను తెలుపును. 'గూఫ్ ఆఫ్' అనునది 1940ల ప్రాంతమున అమెరికా సైనికుల నోట విరివిగా నలిగిన మాట. బ్రిటిషు పిల్లలు బడి మానుటను 'స్కైవ్ ఆఫ్' అందురు. ఇవి మన విద్యార్థులకు కఠినముగ దోచును. కాని మీరు ప్రతిదినమును వాడు 'ఎగగొట్టు' అను మాటను విప్పి చూచితిరా? 'ఎగ' అనగా పైకి. 'కొట్టు' అనగా కొట్టుట. బడి ఎగగొట్టినవాడు దేనిని పైకి కొట్టెను? అప్పు ఎగగొట్టినవాడు దేనిని కొట్టెను? ఒక పరదేశి తెలుగు నేర్చుకొనుచు ఈ మాటయొద్ద ఆగినచో, 'ఆఫ్' యొద్ద మన పిల్లవాడు పడునంత దిగులును పడును. మనము పడము. తల్లి యొడిలో నేర్చిన మాటను ఎవరును విప్పి చూడరు.

'ఔట్' కథ మఱింత వింతయైనది. 'హ్యాంగ్' అనగా వ్రేలాడుట, 'ఔట్' అనగా వెలుపల. 'హ్యాంగ్ ఔట్' అనగా నేడు స్నేహితులతో గూడి ఒకచోట ఊరక ప్రొద్దుపుచ్చుట. 1836, 1837 సంవత్సరములలో భాగములుగా వెలువడిన డికెన్సుగారి 'పిక్విక్ పేపర్సు' నవలలో ఈ మాటకు కాపురముండుట యను నర్థము. వైద్యవిద్యార్థి యొకడు పిక్విక్కుదొరను ఆయన బస యెక్కడని ఈ మాటతో నడుగును. అంతట పిక్విక్కు ఆ వ్రేలాడుటను పట్టుకొని, తాను ప్రస్తుతము ఫలానా సత్రమున తగిలింపబడియున్నానని పరిహాసముగా బదులిచ్చును. డికెన్సుగారి కాలముననే ఆంగ్లేయులకును ఇది నవ్వు పుట్టించుచుండెనన్నమాట. మా తరగతిలో నొక విద్యార్థి ఈ మాట గల వాక్యమును తెనిగించుచు, బాలురందఱును కాఫీ దుకాణము బయట వ్రేలాడుచుండిరని వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి గాని, కొట్టివేయుచు నవ్వితిమి.

ఆ 'వ్రేలాడు' మాటలోనే మఱియొక విశేషము కలదు. దాని తోకనున్న 'ఆడు' ఏమి? ఆటయందలి ఆడుటయే. మాటాడు, పోట్లాడు, వెదుకులాడు, దోబూచులాడు, సరసమాడు, జలకమాడు. తెలుగువాడు మాటలతో ఆడును, పోరులో ఆడును, స్నానములో ఆడును. ఇంత యాటను క్రియలలో నిండ నింపుకొన్న జాతివారము, పిల్లవాడు తరగతిలో ఆడుటకు మాత్రము నిందలేని మాట యొకటి కూర్చుకొనలేదు. అల్లరి, ఆకతాయితనము, తుంటరితనము, పోకిరితనము, ఏది తీసినను బెత్తము చప్పుడు వినబడును.

ఆంగ్లమున ఈ మాటల పుట్టుకలను చూచినచో అవియు గొప్పవి కావు. 'ఫూల్' అను మాటకు మూలము లాటిను భాషలో కొలిమితిత్తిని దెలుపు 'ఫొల్లిస్'. లోపల గాలి తప్ప మఱేమియు లేని తిత్తి. 'మెస్' అనగా మొదట ఒకరి పాలికి వడ్డించిన భోజనము. నేటికిని మన వసతిగృహములలో మెస్సు భోజనము ఆ పాత యర్థమును నిలుపుచున్నది. తరువాత అది కలగలుపు కూడై, ఆపైన కలగాపులగమై, కడకు గందరగోళమైనది. 'మక్' అనగా పేడ. 'లోఫర్' అను మాట 1830ల నాటికే అమెరికాలో పనిలేక తిరుగువానికి పేరై యుండెను. వాల్టు విట్‌మను అను కవి 1855లో ప్రకటించిన 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' అను సంపుటిలో ఆ క్రియను తనకే యన్వయించుకొని సగర్వముగ వాడెను. అదే మాట మన తీరమున దిగి, 'లోఫరు' అను పేరుతో తిట్టై కూర్చున్నది. తెలుగునాట నొకనిని లోఫరని పిలిచి చూడుడు! అక్కడ కవి మెచ్చి ధరించిన బిరుదు ఇక్కడ చెంపదెబ్బకు కారణమగును.

అట్లే 'మెస్ అబౌట్' అనునది. కెన్నెత్ గ్రాహమ్ 1908లో వ్రాసిన 'ది విండ్ ఇన్ ది విల్లోస్' అను బాలల గ్రంథమున నీటియెలుక యొకటి, పడవలలో ఏ కారణమును లేక ఇట్లు ప్రొద్దుపుచ్చుటకంటె మేలైన పని లోకమున లేదని చుంచుతో చెప్పును. ఆంగ్లేయులు ఆ ఘట్టమును ముచ్చటగా స్మరించుచుందురు. మా డెల్టా పిల్లలు తాటిదోనె నెక్కి కాలువలో సరిగా అదే పని చేయుచుండగా, గట్టుమీదనుండి పెద్దలు పిలుచు పిలుపులను మేము ఈ పత్రికలో వ్రాయజాలము.

ఇక మా తప్పు సంగతి. 1986వ సంవత్సరము. ఉద్యోగమున చేరి నాలుగేండ్లయినది. అప్పుడు మేము పనిచేయుచున్నది ఇది గాక వేఱొక పాఠశాల. ఆ యేడు అమెరికానుండి ఒక ఉపాధ్యాయిని ఒక సంవత్సరము కొఱకు వచ్చి, తొమ్మిదవ తరగతికి ఆంగ్లము చెప్పుచుండిరి. త్రైమాసిక పరీక్షల పిమ్మట ప్రగతిపత్రములలో ఆమె ఒక్కొక్కరిని గూర్చి ఒక్కొక్క పంక్తి వ్రాసిరి. ఒక చేనేతవాని కుమారుని పత్రమున, 'ఫూల్స్ అరౌండ్ ఎ గుడ్ డీల్. బ్రైట్.' అని వ్రాసిరి.

తండ్రి సంతకము చేయవచ్చెను. ఆయనకు తెలుగు చదువ వచ్చును, ఆంగ్లము రాదు. "అమ్మగారు ఏం రాశారు మాస్టారూ?" అని పత్రమును మా బల్లమీద నుంచెను. మాకును ఆ జంటమాట సరిగా తెలియదు. తెలియదని చెప్పుటకు వయస్సు చాలలేదు. ఆంగ్లోపాధ్యాయుడు గదా! నిఘంటువు తెఱచితిమి. అందు రెండర్థములు గలవు. మొదటిది పనిలేని చేష్టలతో కాలము పుచ్చుట. రెండవది స్త్రీ పురుషుల విషయమున నడత తప్పుట. ఆ వారముననే బాలికల వసతిగృహపు గోడయొద్ద పెద్ద తరగతుల బాలురు కొందఱు తచ్చాడుచున్నారని ఫిర్యాదు వచ్చియుండెను. మా మనస్సు ఆ గోడయొద్దనే యుండెను. రెండవ యర్థమును గైకొంటిమి. పిల్లవాని నడత బాగులేదనియు, ఆడపిల్లల జోలికి పోవుచున్నట్లు అమ్మగారు వ్రాసిరనియు ఆ తండ్రికి చెప్పితిమి. 'బ్రైట్' అను మాటను చదివితిమో లేదో జ్ఞాపకము లేదు. చెప్పలేదన్నది మాత్రము నిశ్చయము.

ఆయన మాఱుపలుకలేదు. సంతకము చేసి, కలమును మూతపెట్టి మా చేతికిచ్చి, తరగతి గుమ్మమునకు పోయి కుమారుని పేరు పెట్టి పిలిచెను. పిల్లవాడు సంచి తీసికొని వెంట నడిచెను. 19 దినములు బడికి రాలేదు.

ఆ తరువాత ఒకనాడు మధ్యాహ్న విరామమున ఆ యుపాధ్యాయిని మాయొద్దకు వచ్చి, తన విదూషకుడేమైనాడని నవ్వుచు నడిగిరి. మేము జరిగినది చెప్పితిమి. మొదట ఆమెకు బోధపడలేదు. బోధపడిన పిమ్మట కొంతసేపు మా ముఖమును జూడలేదు. తాను బల్లపై వ్రాయుటకు వెనుదిరిగినపుడెల్ల ఆ పిల్లవాడు రెండు చెవులపైనను సుద్దముక్కలు పెట్టుకొని తన నడకను అనుకరించుననియు, తరగతి నవ్వుననియు, తాను తెలియనట్లు నటింతుననియు, తాను వ్రాసినది ఆ సంగతియే ననియు చెప్పిరి. ఆ యూరు ఎంత దూరమని యడిగిరి.

శనివారము బస్సెక్కి యిద్దఱమును పోయితిమి. గుంటమగ్గము నడియింటిలో నున్నది. తండ్రి నాడె ఆపి గుంటలోనుండి లేచి నిలుచుండెను. తల్లి రాట్నము ముందు కండెలు చుట్టుచుండెను. పిల్లవాడు మూల పడుగునూలు విడదీయుచు, మమ్ము జూచి తల వంచుకొనెను. దారిపొడుగున మేము కూర్చుకొన్న వాక్యములు గుమ్మములో నిలిచిపోయినవి. అర్థము తప్పు చెప్పితిమని యంటిమి. అయితే సరియైన యర్థమేమని తండ్రి యడిగెను. అల్లరి యనబోతిమి. అది నేరమువలె వినబడును. ఆకతాయితన మనబోతిమి. అది మఱింత చెడ్డది. ఆంగ్లమున నింద లేని మాటకు తెలుగున నింద లేని మాట వెదకుచు, డిగ్రీ పుచ్చుకొన్న మేము ఆ యింటిలో నీళ్లు నమలుచు నిలిచితిమి.

అమ్మగారికి మా మాటలు తెలియవు గాని మా యవస్థ తెలిసినది. ఆమె సంచిలోనుండి రెండు సుద్దముక్కలు తీసి చెవులపై పెట్టుకొని, చీర కుచ్చెళ్లు ఒకచేత నెత్తిపట్టి, ఆ మగ్గము ప్రక్కన తన నడకను ఆ పిల్లవాడు నడచిన తీరున నడచి చూపిరి. మడమలు ఎగురవేయుచు, మెడ కొంగవలె ముందుకు చాచుచు. తల్లి రాట్నము విడిచి నోటికి కొంగు అడ్డము పెట్టుకొనెను.

"కోతివేషాలా! దొరసానమ్మ రాసింది కోతివేషాలనా, బాబూ? మా అత్త వీళ్ళ నాన్నను ఆ మాటే అనేది!"

ఔనంటిమి. మాకు దొరకని మాట అది. ఆ సంగతి అమ్మగారికి చెప్పగా, ఆంగ్లమునను కోతి పేరిటనే 'మంకీ అరౌండ్' అను మాట గలదని ఆమె యాశ్చర్యపడిరి. ఆ యిద్దఱు స్త్రీలును ఒకరి భాష ఒకరికి రాకయే చాలసేపు నవ్వుకొనిరి.

తండ్రి నవ్వలేదు. మమ్ము వసారాలోనికి పిలిచి, "మాస్టారూ, ఆ రోజు మీరు చదివిందీ, ఇప్పుడు అమ్మగారు చేసి చూపిందీ ఒకటే మాటా?" అని మెల్లగా నడిగెను. ఒకటే యని చెప్పితిమి.

"కొట్టాను మాస్టారూ. వాడు అలాంటి పని చెయ్యలేదని చెప్పినకొద్దీ కొట్టాను."

మేము ఆయన చేతులు పట్టుకొంటిమో, ఆయన మా చేతులు పట్టుకొనెనో నేడు చెప్పజాలము. సోమవారమునాడు పిల్లవాడు బడికి వచ్చెను. వచ్చి, వెనుక బల్లమీద తన పాత స్థలము విడిచి, గోడవైపు మొదటి బల్లపై కూర్చుండెను. అమ్మగారు వెనుదిరిగి వ్రాయునపుడు, మామూలుకంటె ఎక్కువసేపు వెనుదిరిగియుండుట మేము వరండాలోనుండి రెండు మూడు పర్యాయములు చూచితిమి. వెనుకనుండి ఏ నవ్వును వినరాలేదు. అతడు తల వంచుకొని, బల్లమీది మాటలను పుస్తకములోనికి ఎక్కించుకొనుచుండెను.

అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట ప్రగతిపత్రములు మరల మా బల్లమీదికి వచ్చినవి. ఆ పిల్లవానికి ఆంగ్లమున మార్కులు పెరిగినవి. అమ్మగారి పంక్తియందు ఈ పర్యాయము 'డౌన్' అను చిన్నమాట యొకటి గలదు. 'హాజ్ క్వైటెన్డ్ డౌన్' అని యుండెను. సద్దుమణిగినాడని యర్థము. దానికి మేము నిఘంటువు తెఱవలేదు. తండ్రి వచ్చి సంతకము చేసెను. అమ్మగారు ఏమి వ్రాసిరని మాత్రము ఆయన ఈసారి మమ్మడుగలేదు.